ఇంగ్లండ్ పల్లెటూరి చర్చిలో పువ్వుల పండగ: ఎలా వెళ్ళాలి, ఎలా చూడాలి

మే నెల దగ్గరపడితే చాలు, ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళ దగ్గర్నుంచి అవే ప్రశ్నలు వస్తుంటాయి. రోడ్డు పక్కన ఫ్లవర్ ఫెస్టివల్ అని బోర్డు చూశాం, అది చర్చిలోనట, మనం వెళ్ళొచ్చా? టికెట్ ఎంత? చెప్పులు విప్పాలా? ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నచ్చుతుందా? అక్కడ తినడానికి మనకు ఏమైనా దొరుకుతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: వెళ్ళొచ్చు. ఏ మతంవాళ్ళైనా, ఏ మతమూ పట్టనివాళ్ళైనా వెళ్ళొచ్చు. ఇంగ్లండ్‌లో ఊరి చర్చి ఎంత పాతదైనా దాని మరమ్మతుల భారం చాలావరకు ఆ చర్చి సభ్యుల మీదే పడుతుంది. పైకప్పు కారుతుంది, గోపురం రాళ్ళు వదులవుతాయి, గంటల చట్రం పాడవుతుంది. ఆ ఖర్చు కోసమే మూడు నాలుగు రోజులు చర్చి నిండా పువ్వులు పేర్చి, నలుగుర్నీ పిలిచి, టీ, కేకులు అమ్మి డబ్బు పోగేస్తారు. మనం వాళ్ళింటి ఫంక్షన్‌కి వచ్చిన చుట్టాల్లాంటి వాళ్ళం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద రాసిన మర్యాదల్లో సగం ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి.

ఎప్పుడు జరుగుతాయి

అన్ని ఊళ్ళకూ ఒకే తేదీ అంటూ లేదు. ఎక్కువ భాగం మే నుంచి సెప్టెంబరు లోపు, అందులోనూ బ్యాంక్ హాలిడే వచ్చే వారాంతాల్లో పెడతారు. అంటే మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం ఉన్న వారాలు. కొన్ని ఊళ్ళలో చర్చికి ఏ పునీతుడి పేరుంటే ఆయన దినానికి దగ్గరగా చేస్తారు: పేతురు పేరుంటే జూన్ 29, మగ్దలేనే మరియ పేరుంటే జులై 22, లారెన్స్ పేరుంటే ఆగస్టు 10. ఈస్టర్‌కు ముందు లెంట్ అనే ఉపవాస రోజుల్లో మాత్రం వెతక్కండి. ఆ కాలంలో చర్చిలో పువ్వులు పెట్టకపోవడం ఆనవాయితీ.

ఏ నెలలో వెళ్తే ఏ పువ్వులన్నది కూడా చూసుకోండి. మే మొదట్లో తులిప్‌లు, చివర్లో పియొనీలు. జూన్‌లో గులాబీలు, డెల్ఫినియంలు, స్వీట్ పీలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో డాలియాలు, గ్లాడియోలస్‌లు, హైడ్రేంజియాలు. ఒకే ఒక్కసారి వెళ్ళే వీలుంటే నేను జూన్‌కే ఓటేస్తాను.

కావాల్సినవి

- చిల్లర, చిన్న నోట్లు. కార్డు మెషీన్ ఉన్నా పల్లెల్లో సిగ్నల్ దొరక్క అది మొరాయిస్తుంది.
- పల్చటి స్వెటర్ లేదా శాలువా. బయట ఎండ కాస్తున్నా మందపాటి రాతి గోడల మధ్య చల్లగానే ఉంటుంది. పెద్దవాళ్ళకు తప్పనిసరి.
- మడమ చదునుగా ఉన్న చెప్పులు. కార్ పార్క్ అంటే చాలాచోట్ల గడ్డి పొలమే. హీల్స్ దిగబడతాయి.
- పుప్పొడి పడనివాళ్ళు ఉంటే వాళ్ళ అలర్జీ మాత్రలు. బయల్దేరే ముందే వేసుకోవాలి, తుమ్ములు మొదలయ్యాక కాదు.
- మంచినీళ్ళ సీసా.
- చిన్న సెలోటేప్ చుట్ట. ఎందుకో ఏడో మెట్టులో చెప్తాను.

మెట్లవారీగా

1. ఊరు ఎంచుకోండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళ 'ఎ చర్చ్ నియర్ యు' వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లోని చర్చిలు, వాటి కార్యక్రమాలు వస్తాయి. ఊళ్ళ ఫేస్‌బుక్ పేజీలు, గ్రామ నోటీసు బోర్డులు కూడా పనికొస్తాయి. ఒక్కోసారి వాటిలోనే ముందు తెలుస్తుంది.

దూరమైనా ఫరవాలేదనుకుంటే తూర్పున ఫెన్స్ అనే పల్లపు నేలల వైపు వెళ్ళండి. ఒకప్పుడు బురద, ఇప్పుడు సారవంతమైన పొలాలు. లింకన్‌షైర్‌లోని స్పాల్డింగ్ చుట్టుపక్కల తులిప్ దుంపల సాగు పెద్దయెత్తున జరిగేది. దుంప ఊరాలంటే పువ్వు తలని తుంచెయ్యాలి. అలా తుంచిన పువ్వుల్ని వృథా చెయ్యకుండా బళ్ళ మీద అలంకరించి 1959లో ఊరేగింపు మొదలుపెట్టారు. 2013తో ఆగిపోయి, 2023లో మళ్ళీ మొదలైంది. ఆ ప్రాంతంలో చర్చిల గోపురాలే ఒక వింత. సర్‌ఫ్లీట్ చర్చి గోపురం కంటికి తెలిసిపోయేంత ఒరిగి ఉంటుంది. లాంగ్ సట్టన్‌లో చెక్క మీద సీసపు రేకులు తాపిన 13వ శతాబ్దపు శిఖరం ఇప్పటికీ నిలబడి ఉంది.

అక్కడికి దగ్గర్లోనే, నార్ఫోక్ కౌంటీలో వాల్పోల్ సెయింట్ పీటర్ అనే ఊరుంది. పువ్వుల పండగకు పేరు పడ్డ చర్చి అది. ఊరు చిన్నది, చర్చి మాత్రం కెథడ్రల్ అంత ఉంటుంది. చర్చిని తూర్పుకు పొడిగిస్తూ స్థలం అంచుదాకా కట్టేయడంతో, చుట్టూ తిరిగే దారి మూసుకుపోకుండా బలిపీఠం కింద నుంచి సొరంగంలా ఒక దారి వదిలారు. అందుకే లోపల బలిపీఠం దగ్గరికి అన్ని మెట్లెక్కాలి. పూలు చూసి బయటికొచ్చాక ఆ దారిలో ఒకసారి నడిచి రండి. లోపల హడ్ అనే చెక్క గూడు ఉంటుంది, కాపలావాడి పెట్టెలాంటిది. వానలో సమాధి దగ్గర ప్రార్థన చదవాల్సి వస్తే పాస్టరుగారు తడవకుండా అందులో నిలబడేవారు.

2. తేదీ రెండుచోట్ల సరిచూసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చర్చి వెబ్‌సైట్లు నడిపేది ఊళ్ళో రిటైరైన పెద్దవాళ్ళు. పోయినేడు పోస్టర్ తియ్యడం మర్చిపోతారు. పోస్టర్ మీద సంవత్సరం కూడా ఉండదు. దీనికి చిన్న చిట్కా ఉంది: తేదీనీ వారాన్నీ క్యాలెండర్‌తో పోల్చండి. 'శనివారం, మే 24' అని ఉంటే అది 2025 పోస్టర్. 2026లో మే 24 ఆదివారం. వారం కలవలేదంటే అది పాత పోస్టరే. వారం కలిసినా, చర్చి ఫోన్ నంబరుకో ఈమెయిల్‌కో ఒక మాట అడిగితే నిశ్చింత. కొన్ని చర్చిలు ఏటా చెయ్యవు, రెండేళ్ళకోసారి చేస్తాయి.

3. ఏ రోజు, ఏ వేళ వెళ్ళాలో చూసుకోండి. పువ్వులు గురు, శుక్రవారాల్లో పేరుస్తారు. కాబట్టి మొదటి రోజు, శనివారం పొద్దున పది గంటలకు తలుపు తీసే వేళ అన్నిటికంటే మంచిది. పువ్వులు తాజాగా ఉంటాయి, జనం పల్చగా ఉంటారు, కేకులు అన్ని రకాలూ ఉంటాయి. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, చూడ్డానికి వచ్చేవాళ్ళను మధ్యాహ్నం నుంచే లోపలికి రానిస్తారు. సోమవారానికి పూలు కొంచెం వాడతాయి, కానీ మొక్కలూ కేకులూ ధర తగ్గిస్తారు. తలుపు మూసేది సాధారణంగా నాలుగు, ఐదు గంటలకు. ఆఖరి అరగంటలో వెళ్తే టీ దొరకదు.

ఆరాధనలోనే కూర్చోవాలనుకుంటే అదీ చెయ్యొచ్చు. మన దగ్గర సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికి వెళ్ళే అలవాటున్నవాళ్ళకు క్రమం చాలావరకు తెలిసినట్టే ఉంటుంది. 1947లో ఏర్పడ్డ సీఎస్ఐలో ఆంగ్లికన్ చర్చి, అంటే ఈ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయానిదే, కూడా కలిసింది కదా. ఆరాధన మధ్యలో లేచి ఫొటోలు తియ్యకపోతే చాలు.

4. వెళ్ళే దారి. కారుంటే సుఖం. పల్లెల్లో ఒక పోస్ట్‌కోడ్ చాలా దూరం పరుచుకుని ఉంటుంది. నావిగేషన్ ఏ పొలం గేటు దగ్గరో ఆపేసి 'గమ్యం చేరారు' అంటుంది. పోస్ట్‌కోడ్ బదులు చర్చి పేరే కొట్టండి. ఊరు దగ్గరపడ్డాక ఫోన్ వదిలేసి గోపురం వైపు చూస్తూ వెళ్ళడమే మేలు. ఒక్క బండే పట్టే సందు రోడ్లలో ఎదురుగా కారొస్తే, వెడల్పు చేసిన చోటు ఎవరికి దగ్గరైతే వాళ్ళు ఆగాలి, అవసరమైతే వెనక్కి తీసుకోవాలి. పొలం గేట్లకు అడ్డంగా మాత్రం పార్క్ చెయ్యకండి. ట్రాక్టర్ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

బస్సులో వెళ్ళాలంటే శనివారమే వెళ్ళండి. చాలా పల్లెలకు ఆదివారం, బ్యాంక్ హాలిడే రోజుల్లో బస్సే ఉండదు. వెళ్ళే బస్సు కంటే ముందు తిరిగొచ్చే ఆఖరి బస్సు టైమ్ చూసుకోండి.

5. పెద్దవాళ్ళకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఈ మెట్టు ఇంగ్లిష్ గైడ్లలో కనిపించదు, మనకు మాత్రం కావాలి. ఇక్కడ పాత చర్చిల చుట్టూ ఉన్న స్థలమంతా సమాధులే. గేటు నుంచి తలుపు దాకా దారి వాటి మధ్యలోంచే పోతుంది. లోపలికెళ్ళాక నేల మీద పరిచిన బండల్లో కొన్నిటి మీద పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. అవి కూడా సమాధులే. తెలియక వాటి మీద అడుగేసి, పేరు కనబడగానే ఉలిక్కిపడి, మిగతా సమయమంతా ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలన్న ధ్యాసలోనే ఉండిపోయిన అమ్మలున్నారు. కారులోనే నెమ్మదిగా చెప్పండి. ఇక్కడివాళ్ళు ఆ బండల మీద నడవడాన్ని తప్పుగా అనుకోరు. అయినా మనసొప్పనివాళ్ళు పక్కగా నడవొచ్చు, చోటు ఉంటుంది. బయట సమాధుల మీద కూర్చోవడం, వాటి మీద టిఫిన్ డబ్బా విప్పడం మాత్రం నిజంగానే తప్పు. బల్లలా చదునుగా ఉండేసరికి పొరబడతారు.

చెప్పులు విప్పనక్కర్లేదు. మన ఊరి చర్చిల్లో గుమ్మం బయట వదిలే అలవాటుంది కాబట్టి అనుమానం వస్తుంది, కానీ ఇక్కడ విప్పితే రాతి చలికి కాళ్ళు కొంకర్లు పోతాయి. బురద ఉంటే తుడుచుకుంటే చాలు. మగవాళ్ళు టోపీ తియ్యడం మర్యాద. చీర, బొట్టు, పట్టుపంచె ఏదైనా ఫరవాలేదు. నిజం చెప్పాలంటే చీర కట్టుకున్న పెద్దావిడ వస్తే అక్కడి ముసలమ్మలే దగ్గరకొచ్చి మాట కలుపుతారు.

6. తలుపు తియ్యడం. నవ్వకండి, మూసి ఉందనుకుని వెనక్కి తిరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రవేశం సాధారణంగా దక్షిణం వైపు వరండాలోంచి. తలుపు మందపాటి ఓక్ చెక్క, దానికి అరచెయ్యంత ఇనుప కడియం. ఆ కడియం లాగడానికి కాదు. రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పాలి. లోపల గొళ్ళెం పైకి లేచి ఠక్కుమంటుంది. అప్పుడు భుజంతో నెట్టండి. ఒకవైపు తిరగకపోతే రెండోవైపు తిప్పి చూడండి. వెంటనే కిందికి చూడండి, చాలా చర్చిల్లో లోపలికి ఒకటి రెండు మెట్లు దిగాలి, వెలుతురు లోంచి వచ్చిన కళ్ళకు అవి కనబడవు. వరండాకు వల తలుపు ఉంటే వెనకే వేసెయ్యండి. అది పిచ్చుకలూ వాన కోవెలలూ లోపల చిక్కుకోకుండా పెట్టింది.

7. చూడ్డం. రెండు చుట్లు వెయ్యండి. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక కాగితమో చిన్న పుస్తకమో ఉంటుంది, పౌండో రెండు పౌండ్లో. కొనండి. దాదాపు ప్రతి పండగకూ ఒక ఇతివృత్తం ఉంటుంది: కీర్తనలు, రుతువులు, బైబిలు కథలు, ఊరి చరిత్ర, ఏదైనా. ఒక్కో అలంకరణ ముందు కార్డు ఉంటుంది, దాని పేరు, పేర్చినవాళ్ళ పేరు, ఎవరి జ్ఞాపకార్థమో రాసి ఉంటుంది. కార్డు చదవకుండా చూస్తే పూలకుండీల మధ్య తిరిగినట్టే ఉంటుంది. ఉదాహరణకు నీలం డెల్ఫినియంల మధ్య ఒక చేపల వల వేలాడుతూ ఉందనుకోండి, కార్డు మీద 'గలిలయ సముద్రం' అని చూశాక గానీ ఆ వల అక్కడెందుకుందో తెలియదు.

మొదటి చుట్టు పువ్వులకే. కాగితంలోని అంకెల వరసలో వెళ్ళండి. కిటికీ గూళ్ళు, స్తంభాలు, బెంచీల చివర్లు, ప్రసంగ వేదిక, బాప్తిస్మపు తొట్టి, చివరికి బలిపీఠం. బలిపీఠం చుట్టూ ఉన్న కటకటాలు దాటకండి, తాడు కట్టి ఉంటే ఆ తాడు దాటకండి.

చీర పైటను నడుముకు దోపుకోవాలి, పిల్లల బ్యాగులు ముందుకు వేసుకోవాలి. నిలువెత్తు అలంకరణలు సన్నటి స్టాండు మీద నిలబడి ఉంటాయి, పైట చెంగు ఒక కొమ్మకు తగులుకుంటే మొత్తం కదులుతుంది. లిల్లీల దగ్గర ఇంకో ప్రమాదం, ఆ నారింజ రంగు పుప్పొడి. పట్టుచీర మీద పడితే వెంటనే చేత్తో దులపకండి, నీళ్ళు అసలే పెట్టకండి. తడి తగిలితే రంగు నేతలోకి దిగిపోతుంది, వేళ్ళతో రుద్దితే జిడ్డులా పాకుతుంది. బట్టను మెల్లగా విదిలించి, సెలోటేప్ ముక్కను పైపైన అద్ది తియ్యండి. ప్రతిసారీ కొత్త ముక్క వాడండి. నాలుగైదు సార్లు అద్దితే మరక చాలావరకు పోతుంది.

రెండో చుట్టు చర్చికి. పువ్వులు చూసి వచ్చేసేవాళ్ళు ఎక్కువ, కానీ ఏడాదంతా ఉండేది ఆ రాళ్ళే. ముందు దిక్కు తెలుసుకోండి. బలిపీఠం తూర్పున, గోపురం సాధారణంగా పడమర. తర్వాత కమానులు చూడండి. అర్ధచంద్రంలా గుండ్రంగా ఉంటే నార్మన్ కాలానివి, అంటే 1066 తర్వాత సుమారు వందేళ్ళ లోపువి. పైన మొనదేలి ఉంటే ఆ తర్వాతివి. ఒకే చర్చిలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, తరానికి కొంత చొప్పున కట్టుకుంటూ పోయారు మరి. గోడల మీద ఎర్రమట్టి రంగులో చెదిరిన బొమ్మలు కనబడితే ఆగండి. 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలో సున్నం కొట్టి కప్పేసిన చిత్రాలు, తరవాత ఎప్పుడో సున్నం గీకితే బయటపడ్డవి. ఇంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు. ఎర్రటి బ్యాడ్జీనో పూలదండనో పెట్టుకుని ఒక పెద్దమనిషి అటూ ఇటూ తిరుగుతుంటారు. 'ఈ చర్చిలో అన్నిటికంటే పాతది ఏది?' అని అడగండి. చేతికర్ర పట్టుకుని వెంటబెట్టుకుపోయి చూపిస్తారు.

8. ఫొటోలు. సాధారణంగా అభ్యంతరం ఉండదు, అయినా ఒకసారి అడగండి. ఫ్లాష్ వద్దు, స్టాండు వద్దు. ముందు కార్డు ఫొటో తీసి తర్వాత అలంకరణ తియ్యండి, ఇంటికొచ్చాక ఏది ఏమిటో తెలుస్తుంది. కిటికీ గూట్లోవి నల్లగా వస్తే తెర మీద పువ్వుని వేలితో తాకి వెలుతురు పెంచండి, లేదా పక్కకు జరిగి గోడ వెనకగా వచ్చేలా తియ్యండి. పక్కవాళ్ళ పిల్లలు ఫొటోలో పడకుండా చూసుకోవాలి. ఇక్కడ ఆ పట్టింపు బాగా ఎక్కువ.

9. టీ, తిండి. చర్చి వెనక భాగంలోనో ఊరి హాల్లోనో ఉంటుంది. శాకాహారులకు ముఖ్యమైన హెచ్చరిక: ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. విక్టోరియా స్పాంజ్ కేకులో గుడ్లుంటాయి. బన్నుల్లాంటి స్కోన్‌లలో కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు. సూప్ కూరగాయలదే అయినా కోడి ఎముకల నీళ్ళు పోసి ఉండొచ్చు. పిల్లలు ఎగబడే జెల్లీలోనూ మార్ష్‌మాలోల్లోనూ సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. సాసేజ్ రోల్ అంటే పంది మాంసం. 'గుడ్డు లేనిది ఏది' అని సూటిగా అడగండి. చేసినావిడ అక్కడే ఉంటుంది కాబట్టి జవాబు కచ్చితంగా వస్తుంది. అమ్మానాన్నలు బయట ఏమీ ముట్టనివాళ్ళైతే పులిహోర పొట్లం కారులో ఉంచుకుని, టీ మాత్రం అక్కడ కొనండి. వాళ్ళ హాల్లో కూర్చుని మన డబ్బాలు విప్పడం బాగుండదు.

టాయిలెట్ సంగతి: పాత చర్చిలు చాలావాటిలో ఉండదు. ఊరి హాల్లోనే ఉంటుంది. వెళ్ళగానే అడిగి తెలుసుకోండి, అవసరం పడ్డాక కాదు.

10. డబ్బు. చాలాచోట్ల టికెట్ ఉండదు, గుమ్మం దగ్గర డబ్బా ఉంటుంది. మనిషికి మూడు నుంచి ఐదు పౌండ్లు వేస్తే గౌరవంగా ఉంటుంది. పక్కనే గిఫ్ట్ ఎయిడ్ కవరు ఉంటే, బ్రిటన్‌లో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు పేరు, చిరునామా రాసి అందులో పెట్టండి. మీరిచ్చిన ప్రతి పౌండుకు చర్చికి ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు వస్తాయి, మీకు అదనంగా ఖర్చు లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పేరుతో మాత్రం నింపకండి, ఇక్కడ పన్ను కట్టనివాళ్ళకు అది వర్తించదు. వచ్చేముందు సందర్శకుల పుస్తకంలో ఒక వాక్యం రాయండి. తెలుగులో రాసినా సంతోషిస్తారు, ఊరి పేరు మాత్రం ఇంగ్లిష్‌లో రాయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పువ్వు కోసెయ్యడం, రాలిన పువ్వు ఏరి జడలో పెట్టుకోవడం. గుళ్ళో అలవాటు మనది. ఇక్కడ రాలిన రేకు కూడా అలంకరణలో భాగమై ఉండొచ్చు, కొందరు కావాలనే చల్లుతారు. పువ్వు కావాలనిపిస్తే బయట మొక్కల స్టాల్ ఉంటుంది, అక్కడ కొనుక్కోండి. ఆఖరిరోజు సాయంత్రం కొన్నిచోట్ల అలంకరణల్ని కూడా అమ్మేస్తారు, అడిగి చూడండి.

పదిహేను నిమిషాల్లో తిరిగేసి వచ్చెయ్యడం ఇంకొకటి. రెండు గంటలు కేటాయించలేనప్పుడు అంత దూరం పోవడం దండగ.

బలిపీఠం ముందు గుంపుగా నిలబడి ఫ్యామిలీ ఫొటోకి పది నిమిషాలు తీసుకోవడం. మీ వెనక వరస కట్టినవాళ్ళు ఏమీ అనరు, నవ్వుతూ నిలబడతారు. అంటే ఇబ్బంది లేదని కాదు.

గోపురం ఎక్కే టూర్ ఉందనగానే అందర్నీ ఎక్కించడం. లోపల మెట్లు సన్నటి సుడిలా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక తాడు మాత్రమే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను, చిన్నపిల్లల్ని కిందే ఉంచండి.

సరిగ్గా చూశామా అని తెలుసుకోవడం

తిరుగు ప్రయాణంలో కారులో ఇవి ఒకరినొకరు అడుక్కోండి. బలిపీఠం ఏ దిక్కున ఉంది? కమానులు గుండ్రమా, మొనదేలినవా? అన్నిటికంటే పాతది ఏదన్నారు? ఈ ఏడాది డబ్బు దేనికోసం పోగేస్తున్నారు? పేరు తెలిసిన కొత్త పువ్వు కనీసం ఒకటి చెప్పగలరా? ఏ అలంకరణ ఎవరు చేశారో ఒక్కటైనా గుర్తుందా? మూడింటికి జవాబు రాకపోతే మీరు ఫొటోలు ఎక్కువ తీశారన్నమాట. పిల్లలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ చెప్తే ఆశ్చర్యపోకండి. కొన్ని చర్చిల్లో వాళ్ళ కోసం దాచిన బొమ్మల్ని వెతికే ఆట కాగితం విడిగా ఇస్తారు.

ఆ వారం కుదరకపోతే

డర్బీషైర్‌లోని టిస్సింగ్టన్ ఊరికి వెళ్ళండి. అక్కడ పువ్వులు చర్చిలో కాదు, బావుల దగ్గర. ఈస్టర్ తర్వాత ఆరో గురువారం, అంటే క్రీస్తు ఆరోహణ దినాన మొదలై దాదాపు వారం ఉంటుంది. తడిపిన చెక్క పలకల మీద మెత్తటి బంకమన్ను పరిచి, అందులో పూరేకుల్ని ఒక్కొక్కటే అద్ది బొమ్మ తయారుచేస్తారు. కింద నుంచి పైకి, ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు పడేలా అద్దుతారు, వాన నీరు లోపలికి దిగకుండా జారిపోవాలని. 14వ శతాబ్దపు ప్లేగులో ఊరు బతికి బయటపడ్డది ఈ బావుల మంచినీళ్ళ వల్లేనని అక్కడి నమ్మకం. బతుకమ్మ పేర్చిన చేతులున్న అమ్మలకు ఇది చర్చి పండగ కంటే ఎక్కువ నచ్చే అవకాశం ఉంది. ఊళ్ళో నార్మన్ కాలపు చర్చి కూడా ఉంది, దాన్ని వదిలెయ్యకండి.

వేసవి మొత్తం తప్పిపోతే సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో హార్వెస్ట్ ఫెస్టివల్ ఉంటుంది. కోతల పండగ. డాలియాలు, గోధుమ కంకులు, గుమ్మడికాయలు, రొట్టెలు కిటికీ గూళ్ళలో పేరుస్తారు. దానికి డబ్బు కంటే ఆహారం తీసుకెళ్ళడం ఆచారం, చాలాచోట్ల అది ఫుడ్ బ్యాంకుకు వెళ్తుంది. రెండు టిన్నుల బీన్సో ఒక పాస్తా ప్యాకెట్టో పట్టుకెళ్ళండి, దాని ఎక్స్‌పైరీ తేదీ చూసుకుని.